పుడకలదాకా ఆగనక్కరలేదు



పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన పల్లెల్లో ఒక సామెత ఉంది. మనం పుడకలు పేర్చేవాళ్లం కాము, సమాధి చేసేవాళ్లం. అయినా ఈ సామెతను మాత్రం వదల్లేదు. సంఘంలో ఒక మనిషి పదే పదే గొడవ పెట్టుకుంటే, అలిగి వెళ్లిపోయి మళ్లీ ఏడుస్తూ తిరిగి వస్తే, కోపం పట్టలేక చెయ్యి కోసుకుంటే, "ఆ మనిషి బుద్ధే అంత, మారదు" అని తేల్చేస్తాం. ఆదివారం మారుమనస్సు గురించి పాటలు పాడి, సోమవారం బోరింగు దగ్గర ఈ సామెత చెప్పుకుంటాం.

ఈ వారం మేము చెప్పదలచింది ఒక్కటే. అలాంటి మనుషుల్లో కొందరికి ఉన్నది మొండితనం కాదు, దయ్యం కాదు. దానికి వైద్యశాస్త్రంలో పేరు ఉంది, చికిత్స ఉంది, ఆ చికిత్స వల్ల బాగుపడినవాళ్లు ఉన్నారు. ఆ చికిత్సకు విశ్వాసులు భయపడనక్కరలేదని, ఆ మార్గంలో నడిచేవాళ్లకు సంఘం తోడుగా ఉండాలని మా అభిప్రాయం.

ముందుగా ఒక మాట. మేము మనోవైద్యులం కాము. సెమినరీలో డిప్లొమా చదివి, పల్లెలో సేవ చేస్తున్నవాళ్లం. ఇది చదివి ఎవరికీ రోగం పేరు పెట్టవద్దు. పేరు పెట్టడం డాక్టరు పని.

ఏమిటీ రుగ్మత?

దీన్ని పర్సనాలిటీ డిజార్డర్ అంటారు, తెలుగులో వ్యక్తిత్వ రుగ్మత. డిప్రెషన్ ఒక కాలంలో వచ్చి మనిషిని కమ్ముకుంటుంది. అది రాకముందు ఆ మనిషి వేరేగా ఉండేవాడని ఇంట్లోవాళ్లే చెబుతారు. వ్యక్తిత్వ రుగ్మత అలా కాదు. లోకాన్ని చూసే తీరు, తనను తాను చూసుకునే తీరు, ఇతరులతో మెలిగే తీరు యౌవనం నుంచే ఒక పక్కకు ఒరిగి అక్కడే గట్టిపడిపోతుంది. ఇంట్లో, పొలంలో, గుడిలో, ఎక్కడైనా అదే తీరు. దానివల్ల ఆ మనిషికీ బాధే, చుట్టూ ఉన్నవాళ్లకూ బాధే.

అమెరికా మనోవైద్యులు 2013లో ప్రచురించిన డి.ఎస్.ఎం. ఐదవ గ్రంథంలో ఇలాంటివి పది రకాలు చెప్పారు. ఎవరిని చూసినా అనుమానించే తీరు ఒకటి. ఎవరో ఒకరి మీద ఆనుకోకుండా చిన్న నిర్ణయం కూడా చేయలేని తీరు ఒకటి. ప్రతి పనీ తన లెక్క ప్రకారమే జరగాలని, ఎవరు చేసినా తప్పుపట్టే తీరు ఒకటి. పొగడ్త లేకపోతే బతకలేని తీరు మరొకటి. ఈ చివరిదాన్ని చదివి వెంటనే ఫలానా కుర్రవాడు అనుకోకండి. మొదటి కుర్చీ, పెద్ద మైకు, తన పేరు ముందు నాలుగు బిరుదులు కోరుకునే మాలాంటి సేవకుల్లోనూ ఆ ఛాయలు కనబడవచ్చు. ఛాయలు అందరిలో ఉంటాయి. బతుకును కదలనివ్వకుండా పట్టేసినప్పుడే దాన్ని రుగ్మత అంటారు.

ఈ పదింటిలో ఎక్కువ పరిశోధన జరిగినది, సంఘంలో మనకు ఎక్కువ అర్థం కానిది బోర్డర్‌లైన్ రకం. ఇందులో మనిషికి విడిచిపెట్టబడతానేమోనన్న భయం విపరీతం. నిన్న దేవదూతలా కనిపించిన స్నేహితురాలు ఇవాళ శత్రువులా కనిపిస్తుంది. కోపం మంటలా లేస్తుంది, చల్లారాక సిగ్గు కాలుస్తుంది. లోపల ఎప్పుడూ ఏదో ఖాళీ. ఆ బాధ తట్టుకోలేక కొందరు చెయ్యి కోసుకుంటారు, కొందరు మాత్రలు మింగుతారు. మనం దానికి పెట్టిన పేరు "నాటకాలు." ఈ మాట ఎంత ప్రమాదకరమో గమనించండి. ఈ రుగ్మత ఉన్నవారిలో ఆత్మహత్య చేసుకుని చనిపోయేవారు సామాన్య జనంలోకన్నా చాలా ఎక్కువ. నాటకం అనుకుని మనం నవ్వుకున్న రాత్రే ఆ ఇంట్లో శవం లేవవచ్చు.

ఆలోచనను పట్టుకుని చూడటం

1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మనోవైద్యుడు డిప్రెషన్ రోగులతో పనిచేస్తున్నాడు. రోగి బాధకు మూలం ఎక్కడో లోతుల్లో దాగిన కోపమని ఆయనకు నేర్పిన శాస్త్రం చెప్పేది. కానీ రోగుల మాటలు జాగ్రత్తగా వింటే ఆయనకు వేరే సంగతి కనబడింది. ప్రతి సంఘటనకూ వాళ్ల మనసులో ఒక మాట మెరుపులా వచ్చి పోతోంది. "నేను పనికిరానివాణ్ని." "ఇది ఎప్పటికీ బాగుపడదు." ఆ మాట వచ్చిందని కూడా వాళ్లకు తెలియడం లేదు. మిగిలేది దాని వెనక వచ్చిన దుఃఖం మాత్రమే. ఆ మాటను పట్టుకుని, అది నిజమో కాదో రోగితో కలిసి పరీక్షించడం మొదలుపెట్టాడు. అదే తర్వాత కాగ్నిటివ్ థెరపీ అయింది. ప్రవర్తనను మార్చే పద్ధతులతో కలిసి నేడు సి.బి.టి. అని పిలుస్తున్నాం. ఆయన 2021లో నూరేళ్లు నిండి చనిపోయాడు.

డిప్రెషన్‌కు ఈ చికిత్స కొన్ని నెలల్లో పనిచేసేది. వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవాళ్ల దగ్గర మాత్రం అది అంత సులభంగా సాగలేదు. అందుకని బెక్, ఆయన తోటివాళ్లు ఈ చికిత్సను ఇంకా లోతుకు తీసుకువెళ్లి 1990లో వ్యక్తిత్వ రుగ్మతల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం తెచ్చారు. వాళ్లు చెప్పిన దాని సారం ఇది. పైన మెరిసిపోయే ఆలోచనల కింద చిన్ననాటి నుంచి పాతుకున్న మూల నమ్మకాలు ఉంటాయి. కలుపు మొక్క ఆకు తెంపితే మళ్లీ మొలుస్తుంది, వేరు దాకా తవ్వాలి. అందుకే ఇక్కడ చికిత్సకు ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఆరాధన అయ్యాక ఒక సహోదరి గుమ్మం దగ్గర నిలబడింది. పాస్టరమ్మగారు పలకరించకుండా గబగబా ఇంటివైపు వెళ్లిపోయారు. సహోదరి మనసులో మెరిసిన మాట, "నేనంటే ఆమెకు అసహ్యం." వెంటనే గుండెలో మంట. ఇంటికి వెళ్లి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో నాలుగు కటువైన మాటలు పెట్టి గ్రూపు నుంచి వెళ్లిపోయింది. రాత్రికి సిగ్గు, ఏడుపు, చచ్చిపోవాలనిపించడం.

థెరపిస్టు ఆమెను మందలించడు. ఒక కాగితం మీద గీతలు గీసి గళ్లు చేయిస్తాడు. ఏం జరిగింది? కంటికి కనిపించినది మాత్రమే రాయి. మనసు ఏమంది? ఆ మాటను ఎంత నమ్మావు, నూటికి తొంభై అయిదా? దానికి రుజువు ఏమిటి? దానికి ఎదురు రుజువు ఏమైనా ఉందా? పోయిన నెల నీకు జ్వరమొస్తే జావ పంపింది ఎవరు? ఆవిడ పలకరించకపోవడానికి వేరే కారణం ఉండవచ్చా? ఇంటికి అతిథులు వచ్చారేమో, పొయ్యి మీద కూర ఉందేమో. ఇప్పుడు ఆ మాటను ఎంత నమ్ముతున్నావు? డెబ్బయి. ఇరవై అయిదు తగ్గింది. ఆ తర్వాత ఇంటి పని ఇస్తాడు. వచ్చే ఆదివారం నువ్వే ముందు పలకరించు, ఏం జరుగుతుందని అనుకుంటున్నావో ముందే రాసిపెట్టు, ఏం జరిగిందో తర్వాత రాయి.

ఇలా వారం వారం రాస్తూ పోతే కాగితాలన్నింటి అడుగున ఒకే వాక్యం కనబడుతుంది. "నన్ను ఎవరైనా చివరికి వదిలేస్తారు." అదే వేరు. అది ఎక్కడ నాటుకుందో అప్పుడు మాట్లాడుకుంటారు. మూడేళ్లప్పుడు అమ్మ గల్ఫ్ వెళ్లిపోయిందేమో, ఒకరింటి నుంచి ఒకరింటికి మారుతూ పెరిగిందేమో. ఆ పసిపిల్లకు ఆ నమ్మకం అవసరమైంది. ముందే అనుమానిస్తే దెబ్బ తగ్గుతుంది కదా. ఇప్పుడు ముప్పై ఏళ్ల మనిషికి అదే నమ్మకం సంకెల అయింది.

మరో చిన్న పని ఉంది, అది మాకు చాలా నచ్చింది. ఒక గీత గీస్తారు. ఒక చివర పూర్తి మంచి, మరో చివర పూర్తి చెడు. తెలిసిన మనుషులందరినీ ఆ గీత మీద పెట్టమంటారు. మనుషులను దేవదూతలు, దయ్యాలు అని రెండుగా విడదీసే మనసుకు, అందరూ మధ్యలో ఎక్కడో ఉన్నారని, తానూ అక్కడే ఉన్నానని కళ్లకు కనబడుతుంది. సంఘ రాజకీయాల్లో మునిగిన మనకు కూడా ఈ గీత ఒకసారి గీసుకోవడం మంచిదే.

బెక్ దగ్గర పనిచేసిన జెఫ్రీ యంగ్ అనే ఆయన దీన్ని మరింత పెంచి స్కీమా థెరపీ అన్నాడు. చిన్నప్పుడు దొరకని ఆదరణను హద్దుల్లో ఉంటూనే థెరపిస్టు కొంతవరకు అందించడం అందులో ముఖ్యమైన భాగం. నెదర్లాండ్స్‌లో బోర్డర్‌లైన్ రోగులకు మూడేళ్లపాటు వారానికి రెండుసార్లు ఈ చికిత్స ఇచ్చి చూశారు. 2006లో వచ్చిన ఫలితాల్లో, పోల్చి చూసిన మరో చికిత్సకన్నా ఇందులో ఎక్కువమంది కోలుకున్నారు, మధ్యలో మానేసినవాళ్లు తక్కువ.

ఆమె సాక్ష్యం

ఇప్పుడు ఒక స్త్రీ గురించి చెప్పాలి. మార్షా లైనహాన్ 1943లో అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో పుట్టింది. పదిహేడేళ్ల వయసులో, 1961లో, ఆమెను కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో ఒక మానసిక వైద్యశాలలో చేర్చారు. చేతులు కోసుకునేది, సిగరెట్లతో కాల్చుకునేది, తలను గోడకు కొట్టుకునేది. గదిలో ఒంటరిగా పెట్టారు, మందులిచ్చారు, కరెంటు షాకులిచ్చారు. రెండేళ్లకు పైగా ఉండి బయటికి వచ్చేసరికి ఆమెకు పెద్దగా ఏమీ బాగుకాలేదు. ఆ నరకం నుంచి బయటపడితే, తిరిగి వచ్చి మిగతావాళ్లను బయటికి తెస్తానని దేవునికి మొక్కుకుంది.

ఆమె కతోలిక విశ్వాసి. 1960లలోనే షికాగోలో ఒక ప్రార్థనా మందిరంలో మోకాళ్ల మీద ఉన్న రాత్రి, తనను తాను ప్రేమించుకోగలనన్న అనుభవం మొదటిసారి కలిగిందని ఆమె తర్వాత చెప్పింది. గమనించండి, ఆ అనుభవంతో ఆమె ఆగిపోలేదు. మనస్తత్వ శాస్త్రం చదివి డాక్టరేట్ తీసుకుని, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, చావాలనుకునేవాళ్లకే చికిత్స చేయడం మొదలుపెట్టింది. మందిరంలో దొరికినదాన్ని మరొకరికి మెట్టు మెట్టుగా నేర్పడానికి ఏళ్లు వెచ్చించింది. తన కథను చాలాకాలం దాచి, 2011లో అదే హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రిలో నిలబడి అందరికీ చెప్పింది.

ఆమెకు అనుభవంలో తెలిసింది ఏమిటంటే, మారు మారు అని మాత్రమే చెబితే రోగి తనను నిందిస్తున్నారని లేచి వెళ్లిపోతాడు. ఫరవాలేదు, అలాగే ఉండు అని మాత్రమే చెబితే, నా బాధ నీకు పట్టదా అని అడుగుతాడు. రెండూ కలిపి చెప్పాలి. నువ్వు ఇప్పుడు ఉన్న చోట నీ బాధకు అర్థం ఉంది, అయినా నువ్వు మారాలి. ఈ రెండు చేతులతో పట్టుకునే చికిత్సకు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, క్లుప్తంగా డి.బి.టి. అని పేరు. సి.బి.టి. చెట్టు నుంచి వచ్చిన కొమ్మే ఇది. క్రైస్తవ ప్రార్థన నుంచీ, జెన్ ధ్యానం నుంచీ ఆమె నేర్చుకున్న విషయాలు ఇందులో ఉన్నాయి. ఆ సంగతి ముందే చెబుతున్నాం, తర్వాత ఎవరూ దాచారని అనకూడదు.

ఇందులో నాలుగు నైపుణ్యాలు నేర్పుతారు. ఉన్న క్షణాన్ని తీర్పు తీర్చకుండా గమనించడం, కష్టాన్ని ఇంకా పెద్దది చేసుకోకుండా తట్టుకోవడం, భావాలను అదుపులో పెట్టుకోవడం, గౌరవం పోకుండా అడగడం, కాదనడం. వారానికి ఒకసారి థెరపిస్టుతో ఒంటరిగా మాట్లాడాలి. వారానికి ఒకసారి తరగతిలాంటి బృందంలో నేర్చుకోవాలి. రోజూ ఒక కార్డు నింపాలి, ఇవాళ కోసుకోవాలనిపించిందా, ఎంత బలంగా, బదులుగా ఏం చేశావు అని. సంక్షోభంలో ఫోను చేసి ఏ నైపుణ్యం వాడాలో అడగవచ్చు. తట్టుకోవడంలో నేర్పే ఒక పని ఎంత మామూలుదో చూడండి. భావం మంటలా లేచినప్పుడు చన్నీళ్లలో ముఖం ముంచి కాసేపు ఊపిరి బిగబట్టాలి. గుండె వేగం తగ్గుతుంది, ఆ కొద్దిపాటి తెరపిలో బుర్ర మళ్లీ పనిచేస్తుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా చేయకూడదు.

1991లో ఆమె ప్రచురించిన పరీక్షలో, ఏడాదిపాటు ఈ చికిత్స తీసుకున్న స్త్రీలు మామూలు చికిత్సలో ఉన్నవాళ్లకన్నా తక్కువసార్లు తమను గాయపరచుకున్నారు, ఆసుపత్రిలో తక్కువ రోజులు ఉన్నారు. 2006లో సుమారు నూరుమంది స్త్రీలతో చేసిన మరో పరీక్షలో, అనుభవం గల ఇతర నిపుణుల దగ్గర చికిత్స పొందినవాళ్లతో పోలిస్తే ఆత్మహత్యా ప్రయత్నం చేసినవాళ్లు ఇక్కడ సుమారు సగమే.

సామెత ఓడిపోయింది

మసాచుసెట్స్‌లోని మెక్లీన్ ఆసుపత్రిలో మేరీ జనరీని అనే పరిశోధకురాలు, ఒకప్పుడు ఆసుపత్రిలో చేరిన 290 మంది బోర్డర్‌లైన్ రోగులను ఏళ్ల తరబడి వెంబడించి చూసింది. వాళ్లంతా ఒకే చికిత్స పొందినవాళ్లు కారు, రకరకాల వైద్యం చేయించుకున్నవాళ్లు. పదేళ్లు గడిచేసరికి నూటికి 93 మందికి కనీసం రెండేళ్లపాటు రుగ్మత లక్షణాలు ఆ పేరు పెట్టదగినంతగా లేవు. ఇది 2010లో వచ్చిన లెక్క. పుడకలతో గాని పోదన్న సామెతకు ఇంతకన్నా ఏం జవాబు కావాలి?

అయితే అదే లెక్కలో రెండో సగం కూడా చదవాలి. లక్షణాలు తగ్గడంతోపాటు నిలకడగా పనిచేసుకోవడం, ఒక్క దగ్గరి సంబంధమైనా నిలబెట్టుకోవడం కలిపి చూస్తే ఆ స్థాయికి చేరింది నూటికి 50 మంది మాత్రమే. అంటే చెయ్యి కోసుకోవడం ఆగినా, బతుకు నిండలేదు.

ప్రియులారా, సంఘం పిలుపు ఇక్కడే ఉందని మేము అనుకుంటున్నాం. థెరపిస్టు గంటసేపు కూర్చోబెట్టి నేర్పగలడు. కానీ మిగిలిన రోజుల్లో పక్కన కూర్చునే మనిషిని అతడు తేలేడు. కుట్టుమిషను పనో, సండేస్కూలులో చిన్న బాధ్యతో ఇచ్చేది ఎవరు? ఒక కోపపు మెసేజ్ చూసి ముఖం తిప్పుకోకుండా వచ్చే ఆదివారం మళ్లీ చాప పరిచేది ఎవరు?

మీరు అడిగే ప్రశ్నలు

ఇది లోకజ్ఞానం కదా, విశ్వాసికి ఎందుకు అని కొందరు పెద్దలు అడుగుతారు. టైఫాయిడ్‌కు మాత్ర వేసుకునేటప్పుడు ఈ ప్రశ్న అడగం. పైగా ఆలోచనలను పట్టుకుని పరీక్షించడం మనకు పరాయి సంగతి కాదు. కీర్తనకారుడు తన ప్రాణాన్నే ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకు కుంగిపోయావని అడిగాడు. మనసు కొత్తదవడం గురించి పౌలు రోమా పత్రిక పన్నెండవ అధ్యాయంలో రాశాడు, ఏ సంగతుల మీద ధ్యానం నిలపాలో ఫిలిప్పీ సంఘానికి జాబితా రాసి పంపాడు. బెక్ సువార్త ప్రకటించాడని మేము అనడం లేదు. పాప క్షమాపణ ఏ థెరపిస్టు దగ్గరా దొరకదు. కానీ విరిగిన కాలికి కట్టు కట్టడం రక్షణకు పోటీ కానట్టే, వంకరగా పెరిగిన నమ్మకాన్ని సరిచేయడం కూడా పోటీ కాదు. ధ్యాన భాగం మీద మనస్సాక్షికి అభ్యంతరం ఉంటే థెరపిస్టుతో నేరుగా చెప్పండి. శ్వాసను గమనించడానికి ఏ దేవత పేరూ తలవనక్కరలేదు.

రోగం అంటే పాపానికి సాకు దొరికినట్టే కదా అని మరో ప్రశ్న. ఈ చికిత్స చేసేవాళ్లను అడిగి చూడండి. అక్కడ సాకులు నడవవు. నీ సమస్యలన్నీ నువ్వు తెచ్చుకున్నవి కాకపోవచ్చు, అయినా పరిష్కరించుకోవలసింది నువ్వే అన్నది లైనహాన్ పద్ధతిలో ఒక మూల సూత్రం. రోజూ కార్డు నింపి, తాను చేసినది తన చేత్తో రాసుకునే మనిషి, మనలో చాలామందికన్నా ఎక్కువ లెక్క అప్పగిస్తున్నాడు.

ఇక ప్రార్థన చాలదా అన్న ప్రశ్న. మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదవ అధ్యాయం తెరవండి. ఏలీయా బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. ఆయనకు వ్యక్తిత్వ రుగ్మత ఉందని మేము అనడం లేదు, దేవుడు ఆయనతో ఎలా మెలిగాడో చూడమంటున్నాం. మొదట గద్దింపు లేదు. నిద్ర, రొట్టె, నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. హోరేబు చేరాక ఒక ప్రశ్న. తానొక్కడే మిగిలానని ఏలీయా జవాబు. దేవుడు అదే ప్రశ్న మళ్లీ అడిగాడు, ఏలీయా అదే జవాబు మళ్లీ చెప్పాడు. నమ్మకాలు అంత గట్టివి, ఒక్కసారి అడిగితే కదలవు. అప్పుడు దేవుడు చేయవలసిన పని అప్పగించి, బయలుకు మోకరించని ఏడువేలమంది ఉన్నారని లెక్క చూపించాడు. తిండి, నిద్ర, ఓపికగా ప్రశ్న, చేతికి పని, ఎదురు రుజువు. దేవుడే ఇన్ని మెట్లు ఎక్కించినప్పుడు, ఒక్క రాత్రి ఉపవాస ప్రార్థనలో అంతా అయిపోవాలని మనం ఎందుకు పట్టుబడతాం?

మార్కు సువార్త ఐదవ అధ్యాయంలోని సమాధుల మనిషిని కూడా తలచుకోండి. ఊరివాళ్లకు తెలిసిన వైద్యం గొలుసులే. ప్రభువు గొలుసులు తేలేదు, పేరు అడిగాడు. స్వస్థపడ్డాక తన వెంట తిప్పుకోలేదు, ఇంటికి, తనవాళ్ల దగ్గరికి పంపాడు.

గొలుసుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కోసం తెచ్చిన మానసిక రోగులను ఉంచిన పాక తగలబడింది. గొలుసులతో కట్టి ఉండటంవల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. అది వేరే మతంవారి చోటు అని మనం వేలు చూపవద్దు. స్వస్థత పేరుతో మనుషుల్ని కట్టేసిన ప్రతి చోటుకూ, ఏ మతానిదైనా, ఆ మంట ఒక హెచ్చరికే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని చెబుతోంది. స్వస్థత కూడికల్లో జుట్టు పట్టుకుని ఊపడం, చెంపదెబ్బలు కొట్టడం, వేదిక మీద నలుగురి ముందు పాపాలు చెప్పించడం చూస్తున్నాం. విడిచిపెడతారన్న భయం, సిగ్గు, ఈ రెండే లోపల కాలుస్తున్న మనిషికి అది మందు కాదు, నూనె.

మన ఊళ్లో ఏం చేయగలం?

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ చికిత్స బాగా నేర్చినవాళ్లు మన దగ్గర తక్కువ, ఉన్నవాళ్లు ఎక్కువగా పెద్ద పట్టణాల్లోనే ఉన్నారు. అయినా మొదటి మెట్టు దూరం కాదు. టెలి మానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ఫోను సేవ మొదలుపెట్టింది. 14416కు ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉందేమో అడగండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి, బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. మన మిషనరీలు నాటిన వేలూరు సి.ఎం.సి.లో 1957లో మానసిక వైద్య కేంద్రం తెరిచారు. రోగితోపాటు ఇంట్లోవాళ్లు కూడా ఉండి నేర్చుకునే పద్ధతికి మన దేశంలో దారి చూపిన చోట్లలో అది ఒకటి.

మాత్రల గురించి ఒక మాట. వ్యక్తిత్వ రుగ్మతకు అసలు చికిత్స మాట ద్వారా, అభ్యాసం ద్వారా జరిగేదే. బోర్డర్‌లైన్ రుగ్మతకు మందులనే ప్రధాన వైద్యంగా వాడవద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2009లో సూచించింది. కానీ చాలామందికి దీనితోపాటు డిప్రెషనో మరొకటో ఉంటుంది, డాక్టరు దానికి మందు రాస్తారు. విశ్వాసం పెరిగిందని ఆ మాత్రలు ఆపమని ఎవరికీ చెప్పకండి. డాక్టరును అడగకుండా ఆపడం ప్రాణాంతకం కావచ్చు.

ఇంట్లో అలాంటి మనిషి ఉంటే పురుగుమందు డబ్బా దూలం మీద పెట్టకండి. తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంచండి. చావాలన్న కోరిక చాలాసార్లు గాలివానలా వచ్చి పోతుంది, ఆ ఘడియలో చేతికి విషం అందకపోతే మనిషి మిగులుతాడు. ప్రయత్నం చేసి బతికినవారిని పోలీసు కేసు భయంతో దాచవద్దు. అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, ప్రభుత్వం సంరక్షణ అందించాలని అదే 2017 చట్టం చెబుతోంది.

మాట్లాడే తీరు కూడా నేర్చుకుందాం. భావాలు సులభంగా రగిలే పిల్లలు కొందరు పుడతారని, "ఏడవకు, ఊరంతా వింటారు", "ఇంతోటిదానికేనా" అని వాళ్ల బాధను కొట్టిపారేసే ఇంట్లో పెరిగితే ఆ మంట రుగ్మతగా మారవచ్చని లైనహాన్ చెప్పింది. ఆ ఇంటి మాటలనే సంఘం మళ్లీ చెప్పకూడదు. "నీకు చాలా బాధ కలిగింది, నాకు అర్థమవుతోంది" అనండి. బాధను ఒప్పుకోవడం, చేసినదంతా ఒప్పుకోవడం ఒకటి కాదు. గ్రూపులో తిట్టడం తప్పే, ఆ మాట చల్లారాక ప్రేమగా చెప్పండి. అర్ధరాత్రి ఫోనుకు ఎవరు పలుకుతారో, ఎంతసేపు మాట్లాడతారో ముందే అనుకోండి. హద్దు పెట్టడం విడిచిపెట్టడం కాదు. చెప్పిన రోజున చెప్పిన గంటకు కనబడే ఇద్దరు మనుషులు, రోజూ పరుగెత్తి వచ్చి నెలకే అలసిపోయే ఇరవైమందికన్నా మేలు.

ప్రియులారా, మన సంఘంలో "మారదు" అని ముద్ర వేసిన ఒక్క పేరు మీ మనసుకు వచ్చి ఉంటుంది. ఈ వారం ఆ పేరు పెట్టి ప్రార్థించండి. ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్లి టీ తాగి, ఆ మనిషి చెప్పేది చివరిదాకా వినండి. ఆసుపత్రికి వెళ్లాలంటే తోడు వస్తామని చెప్పండి, బస్సు చార్జీ లేకపోతే సంఘ కానుకల నుంచి ఇద్దాం. ఇక ఆ పుడకల సామెత మాత్రం మన నోట రాకుండా చూసుకుందాం.

సమాధానకర్తయగు దేవుడు మీ ఇళ్లకు తోడైయుండును గాక. ఆమేన్.